శాన్ స్టోరేజీ క్లస్టర్‌కు ఎన్ని నోడ్లు చేర్చవచ్చో లెక్క కట్టుకోవడం ఎలా

రాజమహేంద్రవరం, కాకినాడ, భీమవరం, తణుకు వంటి డెల్టా ఊళ్లలో శాన్ స్టోరేజీని (సర్వర్లకు విడి నెట్‌వర్క్ మీద డిస్కు స్థలం అందించే వ్యవస్థను) రోజూ చేత్తో నడిపేవాళ్లం ఎక్కువ మందిమి లేము. ఆసుపత్రి స్కానింగ్ చిత్రాలు, రొయ్యల మేత ఫ్యాక్టరీల లెక్కలు, రైసు మిల్లుల బిల్లింగు, కాలేజీల రికార్డులు మోసే ఈ స్టోరేజీ గదుల్లో రెండు మూడేళ్లకు ఒకసారి యాజమాన్యం నుంచి ఒకే ప్రశ్న వస్తుంది: స్థలం చాలడం లేదు కదా, ఇంకో జత నోడ్లు తగిలిస్తే సరిపోతుందా? కరపత్రంలో అచ్చయిన గరిష్ఠ సంఖ్యను చూపి సరిపోతుందని చెప్పడం తేలిక. ఆ సంఖ్య అబద్ధం కాదు గాని, మీ క్లస్టర్‌కు వర్తించే సంఖ్య అదే కానక్కరలేదు. వర్తించే సంఖ్యను కొనుగోలు ఆర్డరు వెళ్లకముందే కాగితం మీద తేల్చుకునే పద్ధతి కింద ఉంది.

ముందు ఏ క్లస్టర్ గురించి మాట్లాడుతున్నామో తేల్చుకోవాలి

ఒకే గదిలో క్లస్టర్ అనే మాట మూడు అర్థాల్లో తిరుగుతుంది. డిస్కులను నడిపే స్టోరేజీ కంట్రోలర్లు, అంటే నోడ్లు, కొన్ని కలిసి ఒకే వ్యవస్థగా నడిచేది ఒకటి. ఆ స్టోరేజీని వాడుకునే సర్వర్ల గుంపు రెండోది. వీఎంవేర్ వీస్ఫియర్ 6.0లో ఒక గుంపులో 64 హోస్టుల (సర్వర్ల) దాకా, 7.0 అప్‌డేట్ 1 నుంచి 96 దాకా, విండోస్ సర్వర్ 2012 నుంచి ఫెయిలోవర్ క్లస్టర్‌లో 64 నోడ్ల దాకా అనుమతి ఉంది. మూడోది ఫైల్ సిస్టమ్ డిస్కును కోసుకునే చిన్న ముక్క. విండోస్ వాడే ఎన్‌టీఎఫ్‌ఎస్ ఫైల్ సిస్టమ్‌లో ఆ ముక్క 4 కేబీ అయితే వాల్యూమ్ 16 టీబీ దాటదు, 64 కేబీ అయితే 256 టీబీ దాకా పోతుంది. లన్‌ను (స్టోరేజీ ఒక సర్వర్‌కు డిస్కులా చూపే భాగాన్ని) 20 టీబీకి పెంచి, విండోస్ దాన్ని 16 దాటనివ్వకపోతే స్టోరేజీ క్లస్టర్ పరిమితి వచ్చిందని కంగారుపడి కంపెనీకి ఫోన్ చేసినవాళ్లు నాకు తెలుసు. అక్కడ అడ్డుపడింది ఫార్మాట్ చేసినప్పుడు ఎంచుకున్న 4 కేబీ. ఈ వ్యాసం అంతా మొదటి అర్థం గురించే, అయితే రెండోది మధ్యలో తప్పకుండా అడ్డం వస్తుంది.

తరవాత లెక్కించే ప్రమాణం చూసుకోవాలి, ఎందుకంటే కంపెనీలన్నీ ఒకే కొలతతో చెప్పవు. నెట్‌యాప్ కంపెనీ స్టోరేజీ సాఫ్ట్‌వేర్ ఆన్‌టాప్ నోడ్లను లెక్కిస్తుంది. ఫైళ్లకు మాత్రమే వాడే క్లస్టర్‌లో 24 నోడ్లు, శాన్‌కు వాడే క్లస్టర్‌లో 12 నోడ్లు అంటుంది. ఐబీఎం శాన్ వాల్యూమ్ కంట్రోలర్‌లో పరిమితి 8 నోడ్లు, కాని అవి రెండేసి చొప్పున నాలుగు ఐ-ఓ గ్రూపులుగా ఉంటాయి. డెల్ పవర్‌స్టోర్ 4 అప్లయన్సులు అంటుంది. ఒక్కో దానిలో రెండు నోడ్లు కాబట్టి నోడ్లుగా చూస్తే అవి 8. పవర్‌మ్యాక్స్ 8000లో లెక్క బ్రిక్కుల్లో (ఒక్కో దానిలో రెండు కంట్రోలర్లు) ఉంటుంది, గరిష్ఠం 8. పవర్‌మ్యాక్స్ 2000లో 2. హెచ్‌పీఈ ప్రైమెరాలో 4 నోడ్లు. ప్యూర్ ఫ్లాష్‌ఆరే అయితే రెండు కంట్రోలర్లతోనే ఆగుతుంది, పెరగాలంటే వాటినే పెద్దవాటితో మార్చుకోవాలి. కొటేషన్లు పక్కపక్కన పెట్టి పోల్చేటప్పుడు 4 కన్నా 8 ఎక్కువ కదా అనుకుంటే బేరంలో మొదటి అడుగే తప్పుతుంది. అన్నిటినీ కంట్రోలర్ల సంఖ్యలోకి మార్చుకున్నాకే పక్కపక్కన రాసుకోవాలి.

శాన్‌కు పరిమితి ఎందుకు తక్కువ

ఒకే పరికరంలో ఫైళ్లకు 24 నోడ్లు ఇచ్చి, బ్లాకులకు, అంటే శాన్‌కు, సగమే ఇవ్వడానికి కారణం తెలిస్తే మిగతా లెక్క సులువుగా పట్టుబడుతుంది. ఫైల్ సర్వీసులో క్లయింటుకు తెలిసింది ఒక ఐపీ చిరునామా మాత్రమే. ఒక నోడ్ పడిపోతే ఆ చిరునామాను ఇంకో నోడ్ మీదకు జరిపితే చాలు, క్లయింటుకు దాని వెనుక ఎన్ని నోడ్లు ఉన్నాయన్న ఊసే అక్కరలేదు. శాన్‌లో అలా కుదరదు. శాన్ కోసమే ఉన్న ఫైబర్ ఛానల్ నెట్‌వర్క్ మీద పోర్టు చిరునామా సాధారణంగా జరగదు; ఏ దారి మంచిది, ఏ దారి చుట్టుదారి, ఏ దారి మూసుకుపోయింది అన్న సంగతి స్టోరేజీ చెబితే, దారి మార్చుకునే పని హోస్టులోని మల్టీపాత్ సాఫ్ట్‌వేర్ చేస్తుంది. కాబట్టి ఒక లన్‌కు దారి చూపే ప్రతి నోడూ, ఆ లన్ ఏ హోస్టుకు మ్యాప్ అయింది (కేటాయించారు), దాని మీద ఏ హోస్టు రిజర్వేషన్ (రాసే హక్కు తనదేనన్న తాళం) పెట్టింది, ఇప్పుడు అది ఏ నోడ్ దగ్గర ఉంది అన్న విషయాల్లో ఒకే మాట మీద ఉండాలి. ఆన్‌టాప్‌లో ఈ సమాచారం అంతా అన్ని నోడ్లలోనూ నకలు ఉండే ఒక డేటాబేస్‌లో ఉంటుంది. నోడ్లు పెరిగేకొద్దీ ఆ ఒప్పందానికి పట్టే సమయం పెరుగుతుంది, హోస్టుల ఓపిక మాత్రం పెరగదు: లినక్స్ మామూలుగా ఒక డిస్క్ కమాండ్ కోసం 30 సెకన్లు, విండోస్ 60 సెకన్లు ఎదురుచూస్తాయి. ఒక నోడ్ పడి, దాని జత నోడ్ పని అందుకుని, మార్పు అన్ని దారుల్లోనూ హోస్టులకు తెలిసే తతంగమంతా ఆ లోపల ముగియాలి.

దీని నుంచి వచ్చే మొదటి నియమం: ఒకే క్లస్టర్‌లో ఫైళ్లూ లన్‌లూ రెండూ ఉంటే, తక్కువదైన శాన్ పరిమితే మొత్తానికి వర్తిస్తుంది. పన్నెండు నోడ్లు శాన్‌కు, మరో పన్నెండు ఫైళ్లకు అని పంచుకోవడం ఉండదు. ఎవరో పరీక్ష కోసం ఐస్కజీ (మామూలు ఐపీ నెట్‌వర్క్ మీద నడిచే శాన్ పద్ధతి) మీద ఒకే ఒక్క లన్ పెట్టి మరచిపోయినా అది శాన్ క్లస్టరే.

రెండో నియమం మోడల్‌ది. పాతవీ కొత్తవీ కలిపి ఒకే క్లస్టర్‌గా నడిపితే, వాటిలో అన్నిటికన్నా తక్కువ పరిమితి ఉన్న మోడల్ ఏదో దాని సంఖ్యే అందరి సంఖ్య అవుతుంది. మూడోది సాఫ్ట్‌వేర్ వెర్షన్: పాత మోడల్ ఒక వెర్షన్ దగ్గర ఆగిపోతుంది, కొత్త మోడల్ ఇంకో వెర్షన్ దగ్గరే మొదలవుతుంది, ఆ రెంటికీ ఉమ్మడిగా ఉన్న వెర్షన్లలోనే మీరు బతకాలి. ఒక్కోసారి ఉమ్మడి వెర్షన్ ఒక్కటీ ఉండదు, అప్పుడు కలపడమన్న మాటే లేదు. ఈ మూడు విషయాలూ నెట్‌యాప్ అయితే హార్డ్‌వేర్ యూనివర్స్‌లోనూ, హోస్టు వైపు పొత్తు ఇంటర్‌ఆపరబిలిటీ మ్యాట్రిక్స్‌లోనూ దొరుకుతాయి. మిగతా కంపెనీలకూ అలాంటి పట్టికలు ఉన్నాయి. అమ్మేవాళ్ల నోటిమాటను పక్కనబెట్టి, మోడల్ పేరూ వెర్షన్ సంఖ్యా ప్రోటోకాల్ పేరూ కలిపి పట్టికలో వెతికి, ఆ పేజీని తేదీతో అచ్చు తీసి ఫైల్లో పెట్టుకోవడం నా అలవాటు.

అసలు ఇరుకు పాత్‌ల దగ్గర

ధవళేశ్వరంలో హెడ్ స్లూయిస్ ఎంత ఎత్తినా శివారు చేనుకు అందే నీరు దారిలోని ఇరుకైన తూమును బట్టే ఉంటుందని కాలవ కింద సేద్యం చేసేవాళ్లకు చెప్పనక్కరలేదు. మన ఊళ్లలో ఎవరూ పన్నెండు నోడ్ల దాకా పోరు. మనకు అడ్డం పడే తూము స్టోరేజీ వైపు ఉండదు, హోస్టు వైపు ఉంటుంది.

వర్చువల్ మెషీన్లను నడిపే వీఎంవేర్ ఈఎస్ఎక్స్‌ఐ 6.0లో ఒక హోస్టు 256 లన్‌లను, మొత్తం 1024 పాత్‌లను (హోస్టు నుంచి లన్‌కు పోయే దారులను) మాత్రమే పట్టుకుంటుంది. 6.5లో అవి 512, 2048 అయ్యాయి, 6.7 నుంచి 1024, 4096. ఒక లన్‌కు 32 పాత్‌లకు మించకూడదన్న పరిమితి వేరే ఉంది. లన్‌ల సంఖ్య ఎవరైనా గుర్తుపెట్టుకుంటారు, పాత్‌ల సంఖ్యను మరచిపోతారు. కాని పాత్‌లను నాలుగుతో భాగిస్తేనే లన్‌ల సంఖ్య వస్తుందని గమనించండి. లన్‌కు నాలుగు పాత్‌లు దాటాయంటే, లన్‌ల పరిమితి కన్నా ముందే పాత్‌ల పరిమితి తగులుతుంది.

లెక్క ఇలా వేయాలి. హోస్టులనూ స్టోరేజీనీ కలిపే స్విచ్‌ల నెట్‌వర్కే ఫ్యాబ్రిక్, మామూలుగా అవి రెండు ఉంటాయి. ఒక ఫ్యాబ్రిక్‌లో హోస్టుకు ఉన్న హెచ్‌బీఏ (సర్వర్‌లోని శాన్ కార్డు) పోర్టుల సంఖ్యను, అదే ఫ్యాబ్రిక్‌లో ఆ హోస్టుకు కనిపించే స్టోరేజీ పోర్టుల సంఖ్యతో గుణించాలి; రెండో ఫ్యాబ్రిక్‌కూ అలాగే చేసి రెంటినీ కూడాలి. వచ్చింది ఒక లన్‌కు పాత్‌లు. దాన్ని హోస్టుకు మ్యాప్ అయిన లన్‌ల సంఖ్యతో గుణిస్తే మొత్తం. హోస్టుకు ఫ్యాబ్రిక్‌కు ఒక పోర్టు, ఒక్కో నోడ్‌కు ఫ్యాబ్రిక్‌కు ఒక పోర్టు అనుకుంటే, రెండు నోడ్లకు లన్‌కు 4 పాత్‌లు, నాలుగు నోడ్లకు 8, పన్నెండు నోడ్లకు 24. నోడ్‌కు ఫ్యాబ్రిక్‌కు రెండు పోర్టులు ఇచ్చేస్తే పన్నెండు నోడ్ల దగ్గర 48 వస్తుంది, అది 32ను ఎప్పుడో దాటింది.

ఈ గుణకారం నేను చేయకపోవడం వల్ల జరిగింది చెబుతాను. 2017లో భీమవరం పరిసరాల్లోని ఒక మేత తయారీ సంస్థకు నేను స్టోరేజీ చూసేవాణ్ణి. రెండు నోడ్లు, ఒక్కో హోస్టుకు 140 లన్‌లు, ఎందుకంటే ఒక్కో వర్చువల్ మెషీన్‌కు ఒక్కో లన్ ఇచ్చే పాత అలవాటు అక్కడ ఉండేది. హోస్టులు ఈఎస్ఎక్స్‌ఐ 6.0. నాలుగు పాత్‌ల చొప్పున 560, ఏ బాధా లేదు. ఇంకో జత నోడ్లు చేర్చాం, వాటి మీద పోర్టులు తెరిచాం, జోన్లలో (ఏ హోస్టుకు ఏ పోర్టు కనిపించాలో స్విచ్‌లో రాసే జాబితాల్లో) చేర్చాం, కొన్ని లన్‌లను నాలుగో నోడ్ మీదకు తరలించాం. లన్‌కు పాత్‌లు 8 అయ్యాయి. 140 ఎనిమిదులు 1120. పరిమితి 1024. తేడా 96.

ఆ రోజు ఏమీ కాలేదు. హోస్టు తనకు దొరికిన మొదటి 1024 పాత్‌లను పట్టుకుని, గరిష్ఠ సంఖ్య చేరుకుందని లాగ్‌లో ఒక వాక్యం రాసి ఊరుకుంది. ఆ వాక్యాన్ని మేమెవరమూ చూడలేదు. ప్యాచ్‌ల కోసం హోస్టులను రీస్టార్టు చేశాక వరుస ఇలా వచ్చింది: మొదటి హెచ్‌బీఏ మీద నాలుగు నోడ్లకూ కలిపి 560 పాత్‌లు, రెండో హెచ్‌బీఏ మీద మొదటి మూడు నోడ్లకు 420, నాలుగో నోడ్‌కు వచ్చేసరికి మిగిలినవి 44 మాత్రమే. అంటే కనీసం 96 లన్‌లకు రెండో ఫ్యాబ్రిక్‌లో నాలుగో నోడ్ వైపు దారే లేదు. మొదటి ఫ్యాబ్రిక్ బాగున్నంత కాలం ఇది బయటపడదు. కొన్ని వారాలకు మొదటి ఫ్యాబ్రిక్ స్విచ్‌ను ఫర్మ్‌వేర్ కోసం ఆపినప్పుడు, నాలుగో నోడ్ మీదున్న లన్‌లకు సొంత నోడ్ నుంచి దారి లేక, పక్క నోడ్ల గుండా చుట్టుదారిలో డేటా నడవసాగింది. ఏదీ ఆగలేదు, అన్నీ ఈడ్చాయి. "ఏమండీ, బిల్లు కొడితే ఆ చక్రం తిరుగుతానే ఉందండి, లారీలు గేటు దగ్గరే ఉండిపోయాయండి" అని డిస్పాచ్ సెక్షన్ నుంచి ఫోన్ వచ్చింది. స్విచ్ తిరిగి పైకి లేచాక అంతా సర్దుకుంది, కాని ఎందుకు సర్దుకుందో అర్థం కావడానికి మాకు ఆ రాత్రంతా పట్టింది. ఒక లన్‌కు 8 పాత్‌లు, పక్క లన్‌కు 7 కనిపించడమే మొదటి ఆచూకీ.

పరిష్కారం స్టోరేజీలోనే ఉంది. ఆన్‌టాప్ 8.3 నుంచి సెలెక్టివ్ లన్ మ్యాప్ అనే ఏర్పాటు ఉంది: లన్ ఉన్న నోడూ దాని హెచ్‌ఏ జత నోడూ (ఒకటి పడితే పని అందుకునే రెండోది) మాత్రమే ఆ లన్‌ను హోస్టుకు చూపుతాయి, మిగతా నోడ్లు ఎన్ని ఉన్నా మౌనంగా ఉంటాయి. క్లస్టర్ ఎంత పెరిగినా లన్‌కు పాత్‌లు నాలుగు దగ్గరే నిలుస్తాయి. అయితే 8.3కు ముందు చేసిన మ్యాపింగ్‌లకు ఇది తనంతట తాను వర్తించదు. మావన్నీ ముందువే. అందుచేత నోడ్లు చేర్చే ముందు లన్ మ్యాపింగ్ షో కమాండ్‌లో రిపోర్టింగ్ నోడ్స్ గడిని తీసి చూడండి. అది ఖాళీగా ఉంటే ఆ లన్‌ను అన్ని నోడ్లూ చూపుతున్నట్టే. రిమూవ్ రిపోర్టింగ్ నోడ్స్ అనే కమాండ్‌తో దూరపు నోడ్లను ఒక్కో లన్‌కు తీసేసి, హోస్టులో రీస్కాన్ చేసి, పాత్‌లు తగ్గాయని కళ్లతో చూశాకే తరవాతి లన్‌కు పోవాలి. తొందరపడి 140 ఒకేసారి చేయకండి.

ఇందులో ఒక మెలిక ఉంది. లన్ ఉన్న వాల్యూమ్‌ను ఇంకో హెచ్‌ఏ జత మీదకు తరలించాలనుకుంటే, తరలింపుకు ముందే గమ్యం నోడ్లను రిపోర్టింగ్ నోడ్లుగా చేర్చి, హోస్టును రీస్కాన్ చేయించి, కొత్త దారులు కనిపించాక వాల్యూమ్‌ను కదిలించాలి. పాత నోడ్లను ఆఖరున తీసేయాలి. ఇల్లు మారేవాళ్లు పాత ఇంటి తాళం చివర ఇచ్చినట్టే.

మిగతా కంపెనీల ఏర్పాటులో ఈ సమస్య పుట్టుకతోనే తక్కువ. ఐబీఎం వాల్యూమ్ మామూలుగా ఒక ఐ-ఓ గ్రూపు నుంచే, అంటే రెండు నోడ్ల నుంచే కనిపిస్తుంది. పవర్‌స్టోర్ వాల్యూమ్ ఒక అప్లయన్సు మీదే ఉంటుంది. ఇందులోనే ఇంకో నిజం ఉంది: నోడ్లు చేరిస్తే మొత్తం సామర్థ్యం పెరుగుతుంది గాని, ఇప్పటికే నెమ్మదిగా నడుస్తున్న ఒక్క లన్ వేగం పెరగదు. అది ఇప్పటికీ ఒకే జత మీద కూర్చుని ఉంటుంది.

ఇప్పుడు మీ హోస్టుల్లో లెక్క చూసుకోండి. ఈఎస్ఎక్స్‌ఐలో ఈఎస్ఎక్స్‌సీఎల్ఐ స్టోరేజ్ కోర్ పాత్ లిస్ట్ కమాండ్ ఇచ్చి పాత్‌లను లెక్కపెట్టాలి. సర్వర్ లోపలి డిస్కుల దారులు కూడా ఈ మొత్తంలోకే వస్తాయని గుర్తుంచుకోవాలి. లినక్స్‌లో మల్టీపాత్ కమాండ్‌కు రెండు చిన్న ఎల్ అక్షరాల ఆప్షన్ ఇస్తే ఒక్కో లన్ కింద దారులు కనిపిస్తాయి. అన్ని లన్‌లకూ సమానంగా లేకపోతే ఆరోజు పని అక్కడే ఆపి కారణం వెతకండి. మొత్తం ఇప్పటికే పరిమితిలో మూడు వంతుల్లో రెండు వంతులు దాటి ఉంటే, నోడ్ల కన్నా ముందు హోస్టుల వెర్షన్ పెంచే పని పెట్టుకోవాలన్నది నా సలహా.

స్విచ్‌లు, ఓట్లు

రెండు నోడ్ల క్లస్టర్‌ను చాలామంది స్విచ్ లేకుండా నేరుగా కేబుళ్లతో కలుపుతారు. మూడో నోడ్ రాగానే అది చెల్లదు. నోడ్ల మధ్య నడిచే క్లస్టర్ నెట్‌వర్క్‌కు విడిగా రెండు స్విచ్‌లు కావాలి. కొటేషన్‌లో ఇవి లేకపోవడం నేను ఒకటికి రెండుసార్లు చూశాను. ఫైబర్ ఛానల్ స్విచ్‌లలో ఖాళీ పోర్టులు కంటికి కనిపించినంత మాత్రాన సరిపోదు, వాటికి లైసెన్సు ఉందో లేదో చూడాలి. 24 రంధ్రాల స్విచ్‌లో 16 పోర్టులే తెరిచి అమ్మడం మామూలే.

ఓట్ల సంగతికి వస్తే, క్లస్టర్ నడవాలంటే సగానికి మించిన నోడ్లు ఒకదానితో ఒకటి మాట్లాడుకుంటూ ఉండాలి. నోడ్లు రెండే ఉన్నప్పుడు ఆన్‌టాప్‌లో దీనికి క్లస్టర్ హెచ్‌ఏ అనే ప్రత్యేక ఏర్పాటు ఉంటుంది. నాలుగుకు పెంచేటప్పుడు దాన్ని ఆపివేయాలి; అప్పుడు ఒక నోడ్‌కు ఎప్సిలాన్ అనే అదనపు చిన్న ఓటు దక్కుతుంది. నాలుగులో రెండు నోడ్లను మరమ్మతు కోసం ఆపవలసి వస్తే, ఆపబోయే వాటిలో ఎప్సిలాన్ ఉందేమో ముందే చూసి, ఉంటే నిలిచి ఉండే నోడ్‌కు మార్చాలి. మరచిపోతే మిగిలిన రెండు నోడ్లు బాగానే ఉన్నా వాటికి మెజారిటీ ఉండదు. జనరేటర్ మార్పిడికోసమో, యూపీఎస్ బ్యాటరీల కోసమో సగం ర్యాక్‌ను ఆపే అవసరం మన ఊళ్లలో తరచూ వస్తుంది కాబట్టి ఈ ఒక్క పనిని ఎలక్ట్రీషియన్ రాకముందే చేయాలి.

పరిమితి దగ్గరపడితే

నా అభిప్రాయం దాచుకోను: డెల్టాలోని మధ్య స్థాయి సంస్థకు నాలుగు నోడ్లు దాటిన క్లస్టర్ అక్కరలేదు. ఐదూ ఆరూ కావాలనిపించినప్పుడు పాత జతను పెద్ద కంట్రోలర్లతో మార్చడం, లేదా ఫైళ్లను ఒక క్లస్టర్‌కూ లన్‌లను ఇంకో క్లస్టర్‌కూ విడదీయడం మంచిది. విడదీస్తే ఫైళ్ల క్లస్టర్‌కు శాన్ పరిమితి ఉండదు. ఒకదాని అప్‌గ్రేడ్ రెండో దాన్ని తాకదు. నిర్వహించే తెరలు రెండవుతాయన్న ఫిర్యాదు నిజమే గాని, ఆ శ్రమ భరించదగినదే.

రెండో క్లస్టర్ అంటూ పెడితే 1986 ఆగస్టు గోదావరి వరదనూ 1996 నవంబరు కోనసీమ తుపానునూ చూసినవాళ్లు దాన్ని అదే గదిలో పెట్టమని చెప్పరు. ఫైబర్‌లో వెలుతురు కిలోమీటరుకు సుమారు 5 మైక్రోసెకన్లు తీసుకుంటుంది. 65 కిలోమీటర్ల ఫైబర్ అయితే పోయి రావడానికి 650 మైక్రోసెకన్లు, అంటే ఒక మిల్లీసెకనులోపే. కాబట్టి రాజమహేంద్రవరంలో ఒకటి, కాకినాడలో ఒకటి ఉంచి రెండు చోట్లా అప్పటికప్పుడు రాసే పద్ధతికి దూరం అడ్డంకి కాదు. అడ్డంకి లైను నమ్మకమే.

ఆర్డరు పెట్టేనాటికి మీ చేతిలో ఒక పేజీ ఉండాలి: మోడళ్ల పేర్లు, వాటి ఉమ్మడి వెర్షన్, ప్రోటోకాల్, పట్టికలో దొరికిన నోడ్ల పరిమితి, హోస్టు వెర్షన్ ఇచ్చే పాత్‌ల పరిమితి, ఇప్పటి మొత్తం పాత్‌లు, నోడ్లు చేర్చాక అయ్యే మొత్తం. మా ర్యాక్ తలుపు లోపలి వైపు ఆ పేజీ అంటించి ఉంది. పై గడులన్నీ అచ్చులో ఉంటాయి, చివరి రెండు గడులు మాత్రం పెన్సిలుతో రాస్తాం. కొత్త లన్ ఇచ్చిన ప్రతిసారీ వాటిని చెరిపి మళ్లీ రాయాలి.